తలకిందుల కొంగ

మొన్న విజయనగరంలో కొత్తగా తెరిచిన బట్టల మాల్‌కి మా ఆవిడ నన్ను సంచులు మోయడానికి తీసుకెళ్ళింది. ఆ మాల్ ఎంత పెద్దదంటే, కింది అంతస్తులో చీర చూడటం మొదలెట్టిన మనిషి పై అంతస్తుకి చేరేసరికి ఆ చీర ఫ్యాషన్ వెళ్ళిపోతుంది. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, నా ముందు నిలబడ్డ ప్లాస్టిక్ బొమ్మ కూడా ముడుచుకున్నట్టే కనిపించింది. ఆ చలిలో, ఆ సంచుల బరువుతో, ఎక్కడైనా కూర్చునే చోటు దొరుకుతుందా అని వెతుకుతుంటే ఒక అద్దాల బీరువా ఎదురైంది. అందులో ఒంటరిగా ఒక చొక్కా ఉంది. దాని మీద దేవుడి విగ్రహానికి పెట్టినట్టు దీపాలు పెట్టారు. జేబు మీద బంగారు రంగు దారంతో చిన్న కొంగ.

కొంగ మార్కు!

"లెగసీ కలెక్షన్ సార్. మన తాతల కాలం బ్రాండు. మళ్ళీ లాంచ్ చేశారు" అన్నాడు పక్కనున్న సేల్స్ కుర్రాడు. మీసం ఇంకా మొలకెత్తే ఆలోచనలోనే ఉంది. "ఇప్పుడు యూత్ అంతా దీని వెనకే పడుతున్నారు. మీకు తెలుసా సార్ ఈ బ్రాండు?"

నాకు తెలుసా! సముద్రాన్ని పట్టుకుని ఉప్పు గురించి విన్నావా అన్నట్టుంది. దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశాను.

"బాబూ, ఈ కొంగ కాళ్ళ మీద నిలబడిందేమిటి?" అన్నాను.

"సార్?"

"కొంగ. తల పైకి ఉంది."

ఆ కుర్రాడు నా వైపు చూసి, కొంగ వైపు చూసి, మేనేజరు వైపు చూశాడు. ఈలోపు మా ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "మళ్ళీ ఏటన్నారండీ ఆ పిల్లాడితో?" అంది. ఏమీ అనలేదన్నాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఏమని చెప్పను?

కొంగ మార్కు చొక్కాలో కొంగ తలకిందులుగా ఉండాలి. నాకు తెలిసినంతవరకూ అదీ శాస్త్రం.

మా అమ్మమ్మగారి ఊరు నెల్లిమర్లకి ఇవతల. జనపనార మిల్లు సైరన్ మోగితే ఆ ఊళ్ళో పొయ్యి వెలిగేది, ఇంకోసారి మోగితే ఎద్దులు వాటంతటవే ఇంటిదారి పట్టేవి. గడియారం ఉన్న ఇల్లు ఒకటుండేది గానీ, ఆ గడియారం కూడా సైరన్ విని సరిచేసుకునేదని చెప్పుకునేవారు. వానలు వెనకబట్టాక గోగు కోసి, కట్టలు కట్టి, నార కోసం చెరువులో ఊరేసేవాళ్ళు. కుళ్ళిన గోగు వాసన ఎలాంటిదంటే, కొత్త అల్లుడు ఊరి పొలిమేరలో దిగి, అత్తగారింటికి రాకుండా అటునుంచటే మళ్ళిపోయిన సందర్భాలున్నాయి. నాకు మాత్రం ఆ వాసన సెలవుల వాసన. పొద్దున్నే చల్దన్నంలో ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప, అమ్మమ్మ చేత్తో కలిపిన చోడి అంబలి. ఆ అంబలి చిక్కదనం చెప్పాలంటే, అందులో ఈగ పడితే మునిగేది కాదు. పైన నడుచుకుని వెళ్ళిపోయేది.

ఆ ఇంట్లో తాత, అమ్మమ్మ, మా మావ. మా అమ్మకి తమ్ముడు. ఆరడుగుల మనిషి, గోగు కట్ట ఒంటిచేత్తో ఎత్తేవాడు. కానీ ఎవరైనా ఏదైనా అడిగితే 'లేదు' అనడం మాత్రం దేవుడు ఆయనకి నేర్పడం మర్చిపోయాడు. పొలం పనికి నాగలి అడిగితే నాగలి ఇచ్చి, ఎడ్లు ఇచ్చి, తనూ వెళ్ళి దున్ని వచ్చేవాడు. ఆయన చెప్పులు ఊళ్ళో తిరిగినంత ఆయన తిరగలేదు.

"ఒరే, నీ ఒంటి మీద తోలు ఎవుడూ అడగనేదు గాబట్టి నీకింకా మిగిలున్నాది" అనేది అమ్మమ్మ.

"నువ్వే కదే సెప్పినావు, శుభానికి అడిగితే లేదనకూడదని" అనేవాడు మావ.

అది నిజం. అమ్మమ్మ శాసనాల్లో అదొకటి. పెళ్ళికని, పేరంటానికని, పెళ్ళిచూపులకని ఎవరేది అడిగినా కాదంటే ఇంటికి మంచిది కాదు. మా వీధిలో అందరూ అలాగే ఉండేవారు. వంట గుండిగలు ఒక ఇంట్లో, జంపఖానా ఇంకో ఇంట్లో, కాసులపేరు మరో ఇంట్లో ఉండేవి. ఏ ఇంట్లో శుభం జరిగినా అన్నీ అక్కడికి చేరేవి. ఫలానాది ఎవరిదని అడిగితే వీధిదని చెప్పడమే.

ఇక మావ సంగతి. ఓ బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు పంక్తిలో పులుసు వడ్డించడానికి ఒక పిల్ల వచ్చిందట. కళింగపట్నం దగ్గర, వంశధారకి అవతలి ఊరి పిల్ల. మావ పులుసు వేయించుకున్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. పంక్తి లేచిపోతోంది, మావ ఇంకా పులుసు దగ్గరే ఉన్నాడు.

"ఇస్తరాకు తడిసి సిరిగిపోతన్నాది. ఇంక దోసిలి పట్టు" అందట ఆ పిల్ల.

మావ దోసిలి పట్టాడట. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గరిటె కింద పడేసిందట. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ పులుసే. అమ్మమ్మ పప్పు వండితే మావ కంచం వైపు చూసి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులకి పొయ్యిలో నిప్పు రాజుకునేది.

చివరికి తాత మధ్యవర్తి ద్వారా కబురు పంపాడు. ఆ పిల్ల నాన్న రమ్మన్నాడు, కానీ పంట చేతికొచ్చాక అన్నాడు. మావకి ఒకటే దిగులు పట్టుకుంది. ఏం కట్టుకుని వెళ్ళాలి?

గోగునార అమ్మిన రోజున తాత మావనీ నన్నూ విజయనగరం తీసుకెళ్ళాడు. బట్టల కొట్టతను దూలం మీద నుంచి ఒక తాను దింపి, మా ముందు విప్పాడు. మబ్బు రంగు టెరికాటన్. పిడికిట్లో నలిపి వదిలితే, ఏమీ జరగనట్టు మళ్ళీ సాపుగా పడుకుంది. "కొంగ మార్కు. బొంబాయి వైపు మిల్లు సరుకు. మనిషి నలుగుతాడు గానీ ఇది నలగదు" అన్నాడు కొట్టతను. తాను చివర అంచు పక్కనే బంగారు రంగు దారంతో కొంగ నేసి ఉంది. మావ ఆ కొంగని వేలితో ముట్టుకుని, "ఈ ముక్కే కావాలి నాకు" అన్నాడు. ఆ ముక్క కొంచెం చిన్నది. కొట్టతను సరిపోతుందన్నాడు. కొట్టువాళ్ళకి ఎప్పుడూ సరిపోతుంది.

దర్జీకి చెమట పట్టింది. కొంగ జేబు మీదకి రావాలని మావ పట్టు. కొంగ కాళ్ళేమో బట్ట అంచు వైపు ఉన్నాయి. ఆ గట్టి అంచు జేబు మూతికి రావాలి.

"అంచు పైకి పెడితే జేబు నిలబడతాది బాబూ, కొంగ పడిపోతాది. కొంగని నిలబెడితే జేబు మూతి కిందకొస్తాది. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు దర్జీ.

"ఇంకో ముక్క లేదా?"

"నువ్వు తెచ్చిన గుడ్డలో నీకు సేతులు కుట్టడమే ఎక్కువ."

మావ చాలాసేపు ఆలోచించి కొంగ ఉంటే చాలన్నాడు. అలా కొంగ తలకిందులుగా వేలాడింది. ఊళ్ళో పిల్లలందరం ఆ కొంగని సరిగ్గా చూడటానికి మావ ముందు వరసగా నిలబడి, చేతులు నేలకి ఆన్చి, కాళ్ళు గోడకి తన్నిపెట్టి చూసేవాళ్ళం. వీధి వీధంతా కాళ్ళు పైకెత్తి ఉన్న పిల్లలే. అటుగా వచ్చిన పోస్టుమేన్ ఊరికి ఏదో జబ్బు తగిలిందనుకుని ఉత్తరాలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరూ లేనప్పుడు నేను ఆ చొక్కా తొడుక్కుని చూసేవాణ్ణి. అందులో నాలాంటివాళ్ళు ఇంకో కుటుంబం కాపురం ఉండొచ్చు. కొత్త బట్ట వాసన, అమ్మమ్మ అంచుకి రాసిన పసుపు వాసన, పెట్టెలో వేసిన కలరా ఉండల వాసన. ఆ మూడూ కలిసి వస్తే నాకిప్పటికీ పెళ్ళి వాసనే.

అంత మంచి చొక్కా ఊళ్ళో ఉంటే మావ ఒంటి మీద ఎందుకుంటుంది? మావ పెళ్ళిచూపుల రోజు ఇంకా రాలేదు గానీ మిగతా వాళ్ళ పెళ్ళిచూపులు వచ్చాయి. ఒకరి తరవాత ఒకరు వచ్చి అడిగారు. మావ ఇచ్చాడు. ప్రతిసారీ అమ్మమ్మ అంచుకి కొత్తగా పసుపు రాసి మరీ పంపింది. చొక్కా వెళ్ళిన చోటల్లా సంబంధం కుదిరింది. ఆ చొక్కాకి ఒకర్ని కుర్చీలో కూర్చోబెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని పేరొచ్చింది.

అడిగిన వాళ్ళలో కబుర్ల మావ ఒకడు. అమ్మమ్మ చెల్లెలి కొడుకు, పక్క ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మే సగం పెంచింది. ఆయన నోరు తెరిస్తే చేప కూడా నీళ్ళు వదిలి వినడానికి గట్టెక్కేది.

"పెద్దమ్మా, తమ్ముడి సొక్కా ఒక్క పూటకి. ఏటవతల ఏదో సంబంధం. సూసొస్తాను."

"ఏ ఊరురా?"

"ఊరుదేటున్నాది పెద్దమ్మా. పిల్ల బాగుంటే సెప్తాను, నేకపోతే ఆ ఊరి పేరెందుకు మనకి?"

చొక్కా రెండు రోజుల తరవాత తిరిగొచ్చింది. సంబంధం ఏమైందని అమ్మమ్మ అడిగితే, "ఆళ్ళకి నాను నచ్చనేదు" అన్నాడు. ఆ నెలలోనే ఆయనకి ఇంకో చోట కుదిరింది. ముహూర్తం పెట్టేశారు. అమ్మమ్మ తన చెల్లెలి ఫోటోకి దండేసి, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండవే అని చెప్పి ఏడ్చింది.

తరవాత మావ రోజు వచ్చింది.

తాత, అమ్మమ్మ, మావ. ముగ్గురు. శుభకార్యానికి ముగ్గురు బయల్దేరకూడదు. అందుకని నలుగుర్ని చేయడానికి నన్ను లాక్కెళ్ళారు. నా జీవితంలో నేను లెక్కలోకి వచ్చిన మొదటి సందర్భం అది. తెల్లారకుండానే లేచి, తలకి కొబ్బరినూనె పట్టించుకుని, శ్రీకాకుళం వెళ్ళి, అక్కణ్ణుంచి కళింగపట్నం బస్సెక్కాం. మావ సీట్లో కూర్చోలేదు. చొక్కా నలుగుతుందని దారంతా నిలబడ్డాడు. నలగని చొక్కా అది! అయినా నిలబడ్డాడు. బస్సు దిగగానే ఎండేసిన చేపల వాసన సముద్రం గాలితో సహా వచ్చి మొహం మీద కొట్టింది. అమ్మమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. మావ మాత్రం గుండెల నిండా పీల్చి, "ఎంత బాగున్నాదిరా అల్లుడా ఈ గాలి" అన్నాడు. ప్రేమ ఎంత ముదిరిందో నాకు ఆ వయసులోనే అర్థమైంది. పడవెక్కి ఏరు దాటాం.

ఆ పిల్ల నాన్న గుమ్మంలో ఎదురొచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. చెయ్యి పట్టుకుని తాతని కూర్చోబెట్టాడు. తరవాత మావ వైపు తిరిగాడు. ఆయన చూపు మావ మొహం దాకా రాలేదు. జేబు దగ్గరే ఆగిపోయింది. నవ్వు నెమ్మదిగా ఎండిపోయింది, మడిలో నీళ్ళు ఇంకినట్టు.

లోపలికెళ్ళాడు. గుసగుసలు వినిపించాయి. పిల్ల తల్లి తలుపు చాటు నుంచి జేబు చూసి వెళ్ళింది. ఇంకెవరో ముసలావిడ వచ్చి, తల పక్కకి వంచి, ఇంకా వంచి, కొంగని పూర్తిగా చూసి వెళ్ళింది. జీడిపప్పు ఉప్మా వచ్చింది. అందులో జీడిపప్పు ఎక్కువా రవ్వ ఎక్కువా అన్న విచారణలో నేను మునిగిపోయాను.

"బావగారూ, ఏటీ అనుకోకండి" అన్నాడు వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చి కూర్చుని. "ఈ కొంగ మా గుమ్మంలోకి రావడం ఇది రెండోసారి."

తాత చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

"ఇదే సొక్కా. ఇదే తలకిందుల కొంగ. లోపల మనిసి వేరు. మీ వైపు నుంచే వచ్చినాడు. కూకున్నాడు, తిన్నాడు, పిల్ల నచ్చిందన్నాడు. వారంలో పెద్దోళ్ళని తీసుకొస్తానని నా సేతిలో సెయ్యేసినాడు. ఆ మాట నమ్మి వచ్చిన సంబంధాలు రెండు ఎనక్కి పంపినాను. ఇప్పటిదాకా ఆడి నుంచి ఉలుకూ నేదు, పలుకూ నేదు. ఊళ్ళో తలెత్తుకోలేపోతన్నాను. ఆడు మీకేటవుతాడు?"

అమ్మమ్మ తాత వైపు చూసింది. ఆ 'ఏటవతల సంబంధం' ఏదో ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసింది. తాతకీ తెలిసింది. మావకీ తెలిసింది.

"ఆడు దొరికితే ఆడి పెళ్ళి పందిట్లోకెల్లి మరీ అడుగుతాను, నా పిల్ల ఏటి తక్కువైందిరా అని" అన్నాడు వాళ్ళ నాన్న.

కబుర్ల మావ పెళ్ళికి పందిరి వేయడానికి పట్టుమని పది రోజులు కూడా లేదు. అవతల అభం శుభం తెలియని ఇంకో ఆడపిల్ల పెళ్ళికూతురు కాబోతోంది. అమ్మమ్మ నేల చూసింది. తాత గోడ చూశాడు.

"సొక్కా నాదే" అన్నాడు మావ చివరికి. ఆ గదిలో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పేటప్పుడు మావ గొంతు ఎప్పుడూ అబద్ధంలా వినిపించేది.

"ఏటో, సంబంధాలు సూడ్డానికే తిరుగుతాదేటి ఈ సొక్కా" అంది వాళ్ళమ్మ లోపల నుంచి.

అప్పుడు ఆ పిల్ల బయటికొచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతిలో కాఫీ గ్లాసులున్న పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మావ ఎదురుగా నిలబడింది. చామనచాయ, పెద్ద కళ్ళు. ఆ కళ్ళు ఎంత పెద్దవంటే, అబద్ధమాడేవాడు అందులో పడితే గట్టు అందదు.

"సొక్కా నీదేనా?"

"నాదే."

"మరి ఆడికెందుకిచ్చినావు?"

"అడిగినాడు. ఇచ్చినాను."

"ఎవుడేది అడిగితే అది ఇచ్చీడమేనా?"

"శుభానికని అడిగినాడు."

ఆ పిల్ల కోపంగా లేదు, నాకు బాగా గుర్తు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"రేపు నీ ఇంటికొస్తే, ఎవుడో వచ్చి ఏదో అడుగుతాడు. నువ్విచ్చీస్తావు. మరి నాకేటి మిగుల్తాది?"

గోగు కట్ట ఒంటిచేత్తో ఎత్తే మనిషి, ఒక్క మాట ఎత్తలేకపోయాడు. తల దించుకుని తన జేబు వైపు చూసుకున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే, ఆయనకొక్కడికే ఆ కొంగ నిటారుగా కనిపించి ఉండాలి.

తాత లేచాడు. అందరం లేచాం. ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. ఏదైనా మాట వినిపిస్తుందేమో అన్నట్టు చాలాసేపు అలాగే నిలబడింది. మేం మలుపు తిరిగాం.

పడవ ఏటి మధ్యకొచ్చాక మావ ఉలిక్కిపడ్డట్టు లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. పడవవాడు బూతులు తిట్టాడు.

"నిన్నయితే ఎవుడికీ ఇవ్వననాలి" అన్నాడు మావ. "ఏదడిగినా ఇస్తాను గానీ, నీదనేది ఇవ్వననాలి. కదమ్మా?"

"మరి అక్కడే సెప్పనేకపోయావురా!" అంది అమ్మమ్మ, ఏడుపు గొంతుతో.

"పడవ తిప్పమందాం" అన్నాడు మావ.

తాత తలూపాడు, అడ్డంగా. పిల్లని చూసి గుమ్మం దిగిన వాళ్ళు ఆ పూట మళ్ళీ ఆ గుమ్మం ఎక్కకూడదు. అది పద్ధతి. కబురు మధ్యవర్తి తేవాలి, మధ్యవర్తి తీసుకెళ్ళాలి. పైగా వెనక్కెళితే ఆ చొక్కా కథ మొత్తం విప్పాలి. విప్పితే అవతల పందిరి కూలుతుంది.

"ఆడి పెళ్ళయిపోనీరా. అప్పుడు నానే కబురెడతాను. ఎక్కడికిపోతాది సంబంధం" అన్నాడు తాత.

అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను జేబులో దాచుకొచ్చిన జీడిపప్పు తింటున్నాను. పడవ ఇవతలి గట్టు చేరింది.

కబుర్ల మావ పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. అప్పడాలు వేయించిన మూకుడులో ఏనుగు స్నానం చేయొచ్చు. ఆ పెళ్ళిలో మా మావ పందిరి గుంజలు పాతాడు, విస్తళ్ళు ఎత్తాడు, పెళ్ళికొడుకుని తన భుజాల మీద మోశాడు. ఒక్క మాట అడగలేదు. అమ్మమ్మ మాత్రం అక్షింతలు వేసేటప్పుడు సగం కింద పోసింది. అప్పగింతలూ, పదహారు రోజుల పండగా అయ్యాక తాత మధ్యవర్తిని పంపాడు. ఆ పెద్దమనిషి సాయంత్రానికి తిరిగొచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, మొన్ననే తాంబూలాలు పుచ్చుకున్నారట అన్నాడు.

మావ లేచి పశువులకి గడ్డి వేయడానికి వెళ్ళాడు. అప్పటికే వేసి ఉంది. మళ్ళీ వేశాడు. ఆ రోజు మా ఎడ్లకి పెళ్ళిభోజనం.

చొక్కా తరవాత కూడా ఎక్కడెక్కడో తిరిగింది. మావ దాన్ని మళ్ళీ తొడుక్కోవడం నేను చూడలేదు. అడిగిన వాడికల్లా ఇచ్చాడు. చివరికి ఎవరో తీసుకెళ్ళి మరి తేలేదు. ఎవరికిచ్చాడో కూడా మావకి గుర్తు లేదు, లేదంటే గుర్తుందని చెప్పలేదు. రెండు మూడేళ్ళకి మావకి పెళ్ళయింది. మా అత్త మంచిది. ఆవిడ చేసిన పనసపొట్టు కూర తిన్నవాడు నెల తరవాత కూడా చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పక తిరిగేవాడు. మావ ఆవిణ్ణి పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. ఆయన జీవితం బాగాలేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను.

కానీ ఒక రోజు ఉంది. నాకు మీసం వస్తోందని నేను తప్ప ఎవరూ నమ్మని వయసు. విత్తనాల పని మీద మావా నేనూ శ్రీకాకుళం వెళ్ళి, బస్టాండులో మా బస్సు కోసం చూస్తున్నాం. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని ఒకావిడ మా ముందుకొచ్చి ఆగింది. ఆ కళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది.

"బాగున్నావా?" అంది మావతో.

"బాగున్నాను. నువ్వు?"

"బాగున్నాను. సొక్కా ఏదీ?"

"ఇచ్చీసినాను."

"ఎవుడికి?"

"అడిగినోడికి."

ఆవిడ నవ్వింది. "మారనేదన్నమాట నువ్వు" అంది. నా వైపు తిరిగి, "ఈ గుంటడే కదా, ఉప్మాలో జీడిపప్పులన్నీ ఏరుకు తినీసినాడు! ఎంత ఎదిగిపోయినాడో" అంది. నేను సిగ్గుపడ్డాను. మావ నవ్వలేదు. బస్సుల హారన్లు, పల్లీలమ్మేవాళ్ళ కేకలు. ఆ గోలలో మావ నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు నువ్వొకటి అడిగినావు. ఏదైనా ఇస్తాను గానీ నీదనేది ఎవుడికీ ఇవ్వనని సెప్పాలనుకున్నాను. పడవలోకొచ్చినాక తోచింది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. పిల్లాణ్ణి ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"పడవలోనా?" అంది. "పడవలో తోస్తే మరి ఎనక్కి రాలేకపోయావా? ఆ మాట కోసమే కదా అడిగినాను నాను. నువ్వే వస్తావో, కబురే పంపుతావోనని నెల్లాళ్ళు గుమ్మం కాడ కూకున్నాను. మా అయ్య ఏ సంబంధం తెచ్చినా తలనొప్పనీదాన్ని. ఎన్నాళ్ళని తలనొప్పంటాను?"

కండక్టరు ఈల వేశాడు. "మరి ఎల్తాను. మీ అమ్మని అడిగినానని సెప్పు" అని ఆవిడ బస్సెక్కింది. ఆ బస్సు వెళ్ళిపోయింది. కాసేపటికి మా బస్సు కూడా వచ్చి, మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. నేను మావని కదపలేదు.

ఆ రోజు తరవాత మావలో ఒక్క మార్పు వచ్చింది. ఇవ్వడం మానలేదు. కానీ మా వాళ్ళలో ఎవరి మధ్యనైనా ఒక మాట చెప్పాల్సి ఉండి ఆగిపోయిందని తెలిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. అలిగిన అల్లుడైనా సరే, విడిపోయిన అన్నదమ్ములైనా సరే, పిల్ల నచ్చి చెప్పడానికి మొహమాటపడే కుర్రాడైనా సరే. "ఇప్పుడే ఎల్లు" అనేవాడు. వర్జ్యం అన్నా వినేవాడు కాదు, అమావాస్య అన్నా వినేవాడు కాదు. గొడుగు చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యేసి, వానలోకి తోసేసేవాడు. మా వైపు నాలుగూళ్ళలో ఆయన తోపు తిని కాపురాలు నిలబెట్టుకున్న వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మావ పోయి చాలా కాలమైంది. గోగు ఊరేసే చెరువు కప్పేసి ఇళ్ళ స్థలాలు చేశారు. శుభానికి గుండిగలు అడిగితే ఇప్పుడు క్యాటరింగ్ వాడి ఫోన్ నంబరు ఇస్తారు. అదేమీ తప్పని నేననను. నా చొక్కా ఎవరైనా అడిగితే నేనూ ఇవ్వను.

ఆ ఏరు మాత్రం లోతైనదేమీ కాదు. ఎండాకాలంలో చూస్తే నడుములోతు ఉంటుంది. ఆ రోజు పడవలో మావ లేచి నిలబడ్డప్పుడు గట్టు ఇంకా కనిపిస్తూనే ఉంది, గుమ్మంలో మనిషి కూడా ఉండే ఉంటుంది. తరవాత ఎంతమందినో తోసిన ఆ మనిషిని ఎవరైనా వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోసి ఉంటే సరిపోయేది. పడవలో తాత ఉన్నాడు, అమ్మమ్మ ఉంది, నేనున్నాను. ఒక్కరమూ తొయ్యలేదు.